ఎనిమిది రోజుల జవాబులు

"నీకు నాకన్నా బ్యాటరీ ఎక్కువైపోయింది," అంది గ్రెచెన్.

మెల్లగానే అంది. అయినా పక్క బల్ల దగ్గర వేయించిన చేప తింటున్న పెద్దాయన ఫోర్కు కింద పెట్టి ఇటు చూశాడు. మిల్వాకీలో శుక్రవారం సాయంత్రం సగం ఊరు చేప తినడానికి బయటికొస్తుంది. అలాంటి చోట పోట్లాట పెట్టుకుంటే అది ఇద్దరి మధ్యే ఉండిపోదు. నోలన్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసీ నోరు ఊరుకోలేదు.

"బ్యాటరీ గొడవ కాదిది. నా వస్తువు విప్పుకోడానికి నేను ఇంకొకళ్ళని బతిమాలాలా?"

"నేనేం అడిగాను, నువ్వేం చెప్తున్నావు?"

నిజమే, ఆమె అడిగింది వేరు. బే వ్యూలో ఇద్దరూ కలిసి చూసొచ్చిన ఇల్లు ఒకటుంది. కింద ఇంటావిడ ఉంటుంది, పై వాటా అద్దెకిస్తుంది. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం నాలుగింటికల్లా ఏ సంగతీ చెప్పమంది. అది ఇద్దరం కలిసి తీసుకుందామా అని గ్రెచెన్ అడిగింది. అడిగి, అక్కడితో ఆగకుండా, తన ఫోన్లో ఉన్న ఫ్యామిలీ గ్రూపులోకి కూడా రమ్మంది. అంటే ఫోటోలు, క్యాలెండరు, ఎవరెక్కడున్నారో చూపించే మ్యాపు, అన్నీ ఇద్దరికీ ఒకటే. ఇద్దరివీ ఒకే కంపెనీ ఫోన్లయితేనే అది కుదురుతుంది. ఆ ఊళ్ళో ఆమె వయసు వాళ్ళు ఉంగరం మాట ఎత్తడానికి ముందు ఎత్తే మాట అది. కార్లో వస్తూ నాలుగుసార్లు లోలోపల అనుకుని మరీ అడిగింది.

దానికి మన నోలన్ ఇచ్చిన జవాబు: "రేపు నేను ఫోను మార్చేస్తున్నాను. వేరే రకానికి."

అతని బాధ అతనిది. నోలన్ జెలిన్‌స్కీ సిటీ బస్సుల డిపోలో మెకానిక్. ఏ యంత్రాన్నయినా విప్పి చూస్తేగాని అది తనదనుకోడు. నెల కిందట అతని ఫోను బ్యాటరీ నీరసించింది. షాపుకి తీసుకెళితే, విప్పితే మేమే విప్పాలి, మీరు ముట్టుకుంటే ఇక మా పూచీ లేదు, మూడు రోజులు వదిలి వెళ్ళండి అన్నారు. ఇంజను మొత్తం దింపి ఎక్కించేవాడికి ఆ మాట చురుక్కుమంది. నాలుగు స్క్రూలు తీస్తే వెనక మూత ఊడొచ్చే ఫోను ఒకటుందని, అందులో ఏం పెట్టుకోవాలో, ఏం తీసెయ్యాలో మనిష్టమని తెలిసినప్పటినుంచీ అతనికి నిద్ర లేదు.

గ్రెచెన్ లేమన్ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సు. పన్నెండు గంటల డ్యూటీలో ప్రతివాళ్ళూ ఆమెని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. నా ఫోను కూడా నన్ను అడక్కూడదు, దాని పని అది చేసుకుపోవాలి, తాళం వేసి ఉంటే ఉండనీ, లోపల ఇల్లు సర్దిపెట్టి ఉంది కదా అంటుంది. ఆమెదీ తప్పు కాదు. ఇద్దరివీ తప్పు కాని మాటలే కాబట్టి పోట్లాట తేలలేదు. ఇద్దరూ చెరో కారులో వెళ్ళిపోయారు.

వాళ్ళకి పరిచయమైంది కూడా ఇంత శాంతంగానే. పోయిన వేసవిలో, సరస్సు ఒడ్డున ఇసకలో వాలీబాల్ ఆడుతూ, ఆమె కొట్టిన బంతి సొంత జట్టులోనే ఉన్న ఇతని ముక్కుకి తగిలింది. రక్తం ఆపింది కూడా ఆమే. ముక్కు పట్టుకుని తల వంచి కూర్చోబెట్టి, కదిలితే ఇంకోటి కొడతానంది. అతను పావుగంట కదల్లేదు. అవసరమైన దానికన్నా పది నిమిషాలు ఎక్కువే కూర్చున్నాడని జట్టంతా ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆ జట్టు గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ళకో గ్రూపు ఉంది, అందరివీ గ్రెచెన్‌లాంటి ఫోన్లే. ఆ ఫోన్లు తమలో తాము మాట్లాడుకుంటే మెసేజ్ నీలంగా కనిపిస్తుంది. వేరే రకం ఫోను నుంచి వస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. రెండేళ్ళ కిందట కర్టిస్ అనేవాడు ఆకుపచ్చగా వచ్చి చేరాడు. వాడు చేరగానే ఫోటోలు మసకబారాయి, వీడియోలు పోస్టల్ స్టాంపంత అయ్యాయి. వాణ్ణి ఎవరూ వెళ్ళమనలేదు. మ్యాచ్ ఎప్పుడో చెప్పడం మాత్రం మర్యాదగా మర్చిపోయారు. పెద్దవాళ్ళే, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే, ఓట్లు వేసేవాళ్ళే.

ఇవన్నీ తెలిసే నోలన్ శనివారం పొద్దున పాత ఫోన్లోంచి సిమ్ తీసి కొత్త దాంట్లో వేశాడు. పాతది అమ్మేశాడు. కొత్తదాని మూత ఊడదీసి, మళ్ళీ పెట్టి, ఓ గంట సంతోషంగా ఉన్నాడు. గంట కాగానే ఆ సంతోషం అయిపోయింది. ఆమె కారెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదన్న సంగతి గుర్తొచ్చింది. కూర్చుని, రాసింది కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి ఇది పంపాడు:

"నిన్న తిక్కగా మాట్లాడాను. పై వాటా ఇద్దరం తీసుకుందాం. నాకిష్టం. నీ మాట చెప్పు."

ఇక చెప్పాల్సింది ఆమె. అతను ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు.

ఆదివారం జవాబు రాలేదు. నైట్ డ్యూటీ ఏమో, పడుకుని ఉంటుందనుకున్నాడు. సోమవారం కూడా రాలేదు. డిపోలో బస్సు కింద పడుకుని, నూనె చేతుల్తోనే జేబు తడుముకున్నాడు. అర గంటకోసారి బస్సు కిందనుంచి బయటికొచ్చి తెర వెలిగించి చూసి మళ్ళీ లోపలికి దూరాడు. కొత్త ఫోన్లోనే తేడా ఉందేమో అనిపించి, పక్కన పనిచేసే ఓర్లాండోని ఒక మెసేజ్ పెట్టి చూడమన్నాడు. టింగుమని వచ్చింది. ఓర్లాండోది కూడా విప్పుకోగల రకం ఫోనే అన్న సంగతి అతని బుర్రకి ఎక్కలేదు. ఫోను బాగానే ఉంది, అయితే ఆమెకే మనసు లేదు అని తేల్చుకున్నాడు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అని మీరంటారు. ఈ దేశంలో ముందు మెసేజ్ పెట్టకుండా ఫోన్ చెయ్యడమంటే తలుపు తట్టకుండా స్నానాల గదిలోకి వెళ్ళడమంత తప్పు. ఎవరైనా పోతేనే చేస్తారు. పైగా అతను అడగాల్సింది అడిగేశాడు. ఇష్టమని రాసినవాడు మళ్ళీ వెంటపడి, ఏమంటావు ఏమంటావు అని ప్రాణం తియ్యకూడదు కదా.

బుధవారం సాయంత్రం మ్యాచ్. అక్కడైనా కనిపిస్తుందని గంట ముందే వెళ్ళాడు. సరస్సు మీదనుంచి మబ్బు తోసుకొచ్చింది. ముందు గాలి, తర్వాత ఇసక, తర్వాత వాన. వల కిందకి ఎవరూ రాలేదు. ఒక కుక్కా, దాని యజమానురాలూ పరిగెత్తుకుంటూ పోయారు. నోలన్ నలభై నిమిషాలు తడిశాడు. నీళ్ళు కాలర్లోంచి దిగి బూట్లలోకి చేరాయి. మ్యాచ్ గురువారానికి మారిందని గ్రూపులో పెట్టి ఉంటారు, గ్రూపు అతనికి నాలుగు రోజులుగా మూగబోయింది. కర్టిస్‌కి జరిగిందే తనకీ జరిగిందనీ, గ్రెచెన్ అందరితో చెప్పి ఉంటుందనీ అనుకున్నాడు. ఆ వానలో అతనికి కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

శుక్రవారం బాగుచేసిన బస్సుని ట్రయల్‌కి తీసుకెళ్ళాడు. ఆ బస్సుకి ఆస్పత్రి వీధితో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ వీధిలో రెండుసార్లు తిరిగింది. రెండోసారి గ్రెచెన్ కనిపించింది. డ్యూటీ దిగి వస్తూ, గేటు దగ్గర ఆగి, ఫోను తీసి చూసుకుంది. చూసి, పెదవి బిగించి, జేబులో పడేసింది. ఎవరి మెసేజ్ కోసం చూసుకుంటోందో అని అతని గుండెలో కలుక్కుమంది. ఖాళీ బస్సు ఆపి తలుపు తెరిస్తే సరిపోయేది. తల కిందకి దించి బస్సు ముందుకు పోనిచ్చాడు.

ఆదివారం అయింది. నాలుగింటికి గడువు. నోలన్‌కి ఆ రోజు ఇంట్లో కాలు నిలవలేదు. ప్రతి ఆదివారంలాగే బేకరీలో వేడి హ్యామూ, బన్నులూ కొనుక్కుని నాయనమ్మ దగ్గరకి బయల్దేరాడు. ఆ పోలిష్ ఇళ్ళల్లో నాయనమ్మని బూషా అంటారు. బూషాకి ఎనభై నాలుగేళ్ళు. పెద్దవాళ్ళ అపార్ట్‌మెంట్లలో ఉంటుంది, చర్చి అయ్యాక మధ్యాహ్నం నుంచి కింద హాల్లో షీప్స్‌హెడ్ పేకాట ఆడుతుంది.

అతను హాల్లోకి అడుగుపెట్టేసరికి మూడున్నర కావొస్తోంది. పేకాట బల్ల దగ్గర ముగ్గురూ ఒక్కసారి మాట ఆపేశారు. బూషా, పక్కన రిటైరైన టీచరు డార్లీన్, ఎదురుగా ఒకప్పుడు బీరు ఫ్యాక్టరీలో పనిచేసిన వర్జిల్. వర్జిల్ ఎప్పుడూ చెయ్యి నొప్పి పుట్టేలా షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడు. ఇవాళ రెండు చేతులూ పేక ముక్కలకే ఇచ్చాడు.

"వచ్చాడమ్మా పెద్దమనిషి," అంది డార్లీన్.

"కూర్చో," అంది బూషా. "ఆ పిల్లకి ఎందుకు జవాబివ్వడం లేదురా?"

"ఏ పిల్లకి?"

"పేరు కూడా మర్చిపోయాడు," అన్నాడు వర్జిల్, తలెత్తకుండా.

బూషా బల్ల మీదున్న టాబ్లెట్ అతని వైపు తిప్పింది. రెండేళ్ళ కిందట నోలన్ తన పాత టాబ్లెట్ ఆమెకిచ్చాడు, ఒంటరిగా పేకాడుకోడానికి. అదీ ఆ పాత ఫోను కంపెనీదే. అందులో తన పేరూ నంబరూ తీసెయ్యలేదు. తీసేస్తే ఆటలు పోతాయని బద్ధకించాడు. అప్పట్నుంచీ అతనికొచ్చే ప్రతి నీలం మెసేజూ, అతను రాసే ప్రతి జవాబూ ఇందులో కూడా కనిపిస్తూనే ఉన్నాయట. మొదట్లో చూడకూడదని బూషా కళ్ళు మూసుకునేదట. ముక్కుకి బంతి తగిలిన దగ్గర్నుంచి మాత్రం మూసుకోలేకపోయింది. రెండు వారాలయ్యాక డార్లీన్‌కి చెప్పింది. డార్లీన్ వర్జిల్‌కి చెప్పింది. పది నెలలుగా ముగ్గురూ అతని ప్రేమని వారం వారం సీరియల్‌లా చదువుతున్నారు.

"నీకు కామాలు ఎక్కడ పెట్టాలో తెలీదు," అంది డార్లీన్. "అది వేరే సంగతి."

"ఇదివరకు నువ్వు రాసేవి కూడా వచ్చేవి," అంది బూషా. "వారం రోజులుగా ఆ పిల్లవి మాత్రమే వస్తున్నాయి. నువ్వు ఇంత రాయివని నేననుకోలేదు."

నోలన్ చదివాడు. చదువుతుంటే మెడ వెనకనుంచి వేడి పైకెక్కింది. అతని నంబరు పాత ఫోను కంపెనీ లెక్కల్లోనే ఉండిపోయింది. గ్రెచెన్ ఫోను ఇతన్ని ఇంకా తన జాతివాడే అనుకుని జవాబులన్నీ నీలంగా ఇక్కడికి పంపింది. ఇతను పంపిన ఆకుపచ్చ మెసేజ్ ఆమెకి చేరింది, ఆమెవి ఇతనికి చేరలేదు. ప్రతిదాని కిందా 'చదివారు' అని ఉంది, పక్కన టైముతో సహా. చదివింది ఎవరో మరి చెప్పక్కర్లేదు. గ్రూపు గోలంతా కూడా అక్కడే ఉంది, మ్యాచ్ గురువారానికి మారిందనీ, నోలన్ ఎక్కడ చచ్చాడనీ.

అన్నిటికన్నా గురువారం మెసేజ్ దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. 'నిన్ను ప్రేమిస్తున్నాను. మొదటిసారి చెప్తున్నాను, అదీ ఎదురుగా చెప్పలేక ఇలా.' దాని మీద చిన్న బొటనవేలు బొమ్మ ఉంది. సరే, అందింది అన్నట్టు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే," అంది బూషా. "నాకు నచ్చింది. బాగా చెప్పిందని పెట్టాను. నువ్వెలాగూ ఏం అనడం లేదు కదా."

"నేను గుండె బొమ్మ పెట్టమన్నాను," అన్నాడు వర్జిల్. "నా మాట ఎవరూ వినరు."

దాని తర్వాత ఆమె రాసింది ఒక్కటే. నిన్నటిది. 'అర్థమైంది. ఆదివారం ఇంటావిడకి వద్దని చెప్పేస్తాను. ఇంకేం రాయను. బాగుండు.'

నోలన్ జీవితంలో మొదటిసారి మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. బూషా అప్పటికే కోటు వేసుకుని, టాబ్లెట్ చంకలో పెట్టుకుంది. నువ్వు చెప్తే నమ్మదు, ఎనిమిది రోజులు రాయిలా ఉన్నవాడివి, చేసింది నేను కాబట్టి నేనే చెప్తాను, ఆ ఇంటి దగ్గరికే పద అంది. ఆమె వాకర్‌తో కారు దాకా నడిచేసరికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాల్లో నోలన్ కారు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు.

బే వ్యూ చేరేసరికి నాలుగు దాటి పది నిమిషాలు. గ్రెచెన్ ఆ ఇంటి మెట్లు దిగుతోంది. మొహం చూడగానే తెలిసిపోయింది, చెప్పేసింది. లోపల ఇంటావిడ మిసెస్ కూబియాక్ తర్వాతి వాళ్ళకి ఫోన్ కలుపుతోంది.

"నీ మెసేజ్‌లు నాకు రాలేదు," అన్నాడు నోలన్, కారు తలుపు మూయకుండానే.

"ప్రతిదీ చదివావు. టైముతో సహా ఉంది." ఆమె చివరి మెట్టు మీదే ఆగింది. "నేను ప్రేమిస్తున్నానంటే నువ్వు బొటనవేలు చూపించావు నోలన్. రోగులు కూడా నన్ను అంత మాట అనలేదు."

"ఆ వేలు నాదమ్మా," అంది బూషా, కార్లోంచి ఒక కాలు బయటపెట్టి. "చదివిందీ నేనే. నేనూ, ఇంకో ఇద్దరూ. వీడికేం తెలీదు. వీడు వారం రోజులుగా తిండి తినడం లేదని వీళ్ళ అమ్మ చెప్పింది, నేను ఒళ్ళు తగ్గడానికనుకున్నాను. నన్ను తిట్టు."

గ్రెచెన్ టాబ్లెట్ తీసుకుంది. పైకి, కిందకి జరిపింది. ఇతనెప్పుడో సిగ్గులేకుండా రాసిన వాటిని ముగ్గురు ముసలివాళ్ళు చదివారని తెలిసి కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత ఆమెలోని నర్సు లేచింది. ఫోను మార్చేవాడు పాత చోట తన నంబరు తీయించుకోవాలని కూడా తెలీదా, బస్సులు ఎలా బాగుచేస్తున్నావు నువ్వసలు అని, సెట్టింగుల్లోకి వెళ్ళి, అతని ఫోనుకి వచ్చిన కోడ్ అడిగి, రెండు నిమిషాల్లో ఆ ముడి ఊడదీసింది. ఊడదీశాక మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

నోలన్ పక్కన కూర్చోబోయాడు.

"అక్కడే నిలబడు," అందామె, కళ్ళు తుడుచుకుని. "ఒక్కోటీ చదువుతాను. జవాబు చెప్పు. అప్పుడే వచ్చి ఉంటే ఏం రాసేవాడివో అది."

చదివింది. "'పై వాటా నాకూ ఇష్టమే. కానీ ముందొకటి మాట్లాడాలి. సాయంత్రం ఫోన్ చేస్తావా?'"

"చేస్తాను. ఇప్పుడే చేస్తాను."

"'నీకు ఇష్టమైన ఫోను పెట్టుకో. నిన్ను మార్చాలని అడగలేదు. పన్నెండు గంటలు అందరికీ నేనున్నాను కదా, దిగి వచ్చేటప్పుడు నువ్వెక్కడున్నావో తెలిస్తే చాలు. దాన్ని కూడా కాదంటావా?'"

నోలన్‌కి ఆ చేప వాసనా, పక్క బల్ల పెద్దాయనా, తను బ్యాటరీ గురించి చేసిన ఉపన్యాసమూ గుర్తొచ్చి సిగ్గేసింది.

"కాదనను. నువ్వడిగింది నాకు అర్థం కాలేదు. నన్ను ఏదో పెట్టెలో పెట్టి మూత వేస్తావని భయపడ్డాను. నా ఫోను మళ్ళీ మార్చను గ్రెచెన్, అది నిజం. నువ్వూ నీది మార్చొద్దు. కానీ నేనెక్కడున్నానో నీకు కనపడాలి. రెండింట్లోనూ పనిచేసేది ఒకటుంది, మంగళవారం కూర్చుని వెతికాను."

"జవాబే ఇవ్వని మనిషి కోసం వెతికావా?"

"ఇస్తావేమోనని."

ఆమె తర్వాతది చదవబోయి ఆగింది. గురువారంది. బూషా మర్యాదగా సరస్సు వైపు తల తిప్పుకుంది, చెవి మాత్రం ఇటే ఉంచింది.

"ఇది నేను చదవను," అంది గ్రెచెన్. "నీకు తెలుసు ఏముందో."

"నేనూ ప్రేమిస్తున్నాను. బుధవారం వానలో నలభై నిమిషాలు నిలబడ్డాను, నువ్వొస్తావని. శుక్రవారం బస్సులో నీ ముందునుంచే పోయాను, తల వంచుకుని. నువ్వు వద్దంటావని భయమేసింది. ఇంత భయం నాకు దేనికీ వెయ్యలేదు."

అప్పుడు పక్కన చోటిచ్చింది. అతను కూర్చున్నాడు. ఆమె తల అతని భుజానికి ఆనింది.

మిసెస్ కూబియాక్ ఫోను చేత్తో మూసి పట్టుకుని తలుపు దగ్గరకొచ్చింది. ఆవిడ కూడా ఎంత విన్నదో ఎవరికి తెలుసు. వాళ్ళు లైన్లోకి వచ్చారు, ఏమని చెప్పమంటావమ్మాయ్, ఇంతకు ముందు వద్దన్నావు కదా అని అడిగింది.

గ్రెచెన్ నోరు తెరిచేలోపే నోలన్ లేచి నిలబడ్డాడు.

"వాళ్ళకి లేదని చెప్పండి. మేమిద్దరం వస్తున్నాం."

అని, తనేం చేశాడో గుర్తొచ్చి గ్రెచెన్ వైపు తిరిగాడు. ఆమెని అడగలేదు. ఆమె అప్పటికే మెట్లెక్కి ఇంటావిడ పక్కన నిలబడి, అద్దె కాగితం మీద మొదట తన పేరు రాసి, పెన్ను అతని వైపు చాపింది.